మూడో మారు

ఇత్తడి సామాను చింతపండుతో తోముతుంటే వచ్చే వాసన ఒకటుంది. అది పూర్తిగా పులుపు వాసనా కాదు, పూర్తిగా ఇత్తడి వాసనా కాదు. రెండూ కలిసి తడిచేతులకి పట్టుకుని, సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నా సాయంత్రందాకా వదలదు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, తెనాలిలో మా వంటింటి సింకు ముందు నిలబడి, అటక మీంచి దించిన ఒక చిన్న హస్తాన్ని తోముతూ ఆ వాసన తనివితీరా పీల్చుకున్నాను. అన్నం వడ్డించే వెడల్పాటి గరిటెని మా వైపు హస్తం అంటాం. ఇది మామూలు హస్తం కాదు. పిడి మామూలుగానే ఉంటుంది, అన్నం పట్టే ముందుభాగం మాత్రం సగమే ఉంటుంది. చూసినవాళ్ళెవరైనా చేసినవాడికి ఇత్తడి చాల్లేదేమో అనుకుంటారు.

దాన్ని ఎందుకు దించానంటే, అంతకు రెండు వారాల ముందే రక్తపరీక్షలో నాకూ షుగరుందని తేలింది. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఆ మాట వినీ వినగానే అన్నం తూచుకునే చిన్న కాటా ఒకటి పార్సెల్లో పంపించింది. గిన్నె పెట్టడం, అంకె చూడడం, నాలుగు మెతుకులు ఎక్కువైతే తీసి పక్కన పెట్టడం, ఇలా పది రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకునే తిన్నాను. ఆకలి తీరేది. అన్నం తిన్నట్టు మాత్రం ఉండేది కాదు. కూరలు చప్పగా ఉన్నాయా అంటే అదీ కాదు, వండింది నేనే. మరి లోపం ఎక్కడుందా అని కాటా వంక చూస్తూ కూచుంటే, మా తాతయ్య గుర్తొచ్చాడు.

తెనాలిని ఆనుకునే ఉన్న అంగలకుదురులో మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. తాతయ్య, నాయనమ్మ, అమ్మ, నాన్న, నేను. ఆ ఇంట్లో కాలం ఎంతైందో గోడగడియారం కంటే వంటింటి వాసనే ముందు చెప్పేది. తొలకరికి ఎర్ర గోంగూర మగ్గుతున్న వాసన, నాట్లు వేసే రోజుల్లో పొలానికి క్యారేజీలో పంపే పప్పుచారు ఘాటు, మంచు పడే పొద్దుల్లో కుంపటి మీద కాలుతున్న తేగలు, కోతలయ్యాక పట్టుకుంటే చేతికి అతుక్కునే కొత్తబియ్యపన్నం, వరి కోసిన మాగాణిలో చల్లిన మినుములు ఇంటికొచ్చాక విసిరి నేతిలో కలిపి కట్టే సున్నుండలు, ఎండలు ముదిరాక వసారా నిండా పరిచిన మామిడిముక్కల మీద ఆవపిండి కలిపేటప్పుడు ఇంటిల్లిపాదికీ పట్టుకునే తుమ్ములు. ఇన్నిటి మధ్య తాతయ్య పీట మీద బాసింపట్టు వేసుకుని కూచుని, ముద్ద కలిపేటప్పుడు కళ్ళు సగం మూసేవాడు. ఆయన తినడం చూస్తే పక్కింటివాళ్ళకి కూడా ఆకలేసేదని నాయనమ్మ మురిపెంగా విసుక్కునేది.

వడ్డనకి మా ఇంట్లో ఒక పద్ధతుండేది. కంచంలో మొదటిసారి పడే అన్నం అసలు అన్నం కిందే లెక్క కాదు. ఆ తర్వాత ఇంకాస్త వెయ్యనా అని మూడుసార్లు మారు అడగాలి. మొదటిసారి అడిగితే తినేవాళ్ళు తలూపుతారు. రెండోసారికి రెండు వేళ్ళు దగ్గరికి చేర్చి ‘కొంచెం’ అని చూపిస్తారు. మూడోసారి అడిగితే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు, చాలు’ అంటారు. ఆ చెయ్యి అడ్డం వచ్చేదాకా అడక్కపోతే అది వడ్డించడం కాదు, పారెయ్యడం అనేది నాయనమ్మ. ఇంటికొచ్చిన చుట్టానికైనా, పొలం నుంచి వచ్చిన సొంత మొగుడికైనా ఆవిడ ఒకేలా అడిగేది, ఆ మూడోసారి అడగడంలో గొంతు కొంచెం తగ్గించి బతిమాలుతున్నట్టు అడిగేది. తాతయ్య ఏనాడూ మూడోసారి వేయించుకోలేదు. వేయించుకోడని తెలిసీ ఆవిడ అడక్కుండా ఉండలేదు.

నాకు పదేళ్ళప్పుడు కార్తీక పున్నమికి సముద్రస్నానాలని అందరం బాపట్లలో అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళాం. తెల్లారగట్ల రిక్షాల్లో సూర్యలంక చేరేసరికి చలికి నా పళ్ళు టకటకలాడుతున్నాయి. ఒడ్డున పడవలు వరసగా పడుకుని ఉన్నాయి, వలల మీంచీ ఎండుచేపల మీంచీ వచ్చే వాసనలో మా బుట్టలోని పులిహోర ఇంగువ వాసన కలిసి వింతగా ఉంది. చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద తిరిగిన కాళ్ళు కదా, తాతయ్య ఇసకలో నిర్లక్ష్యంగా నడుస్తూ ఒక పగిలిన గుల్ల మీద అడుగేశాడు. ఎడమకాలి చిటికెన వేలి పక్కన తెగింది. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దామె లేచొచ్చి, పాతగుడ్డ చింపి కట్టు కట్టి, “ఉప్పునీళ్ళేగా నాయనా, రెండ్రోజుల్లో మానిపోద్దిలే” అంది. తాతయ్య నవ్వుకుంటూ పులిహోర తిన్నాడు, రెండు మార్లు వేయించుకుని మరీ తిన్నాడు.

ఆ దెబ్బ మానలేదు. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది, మాఘమాసంలో కూడా తాతయ్య కాలికి కట్టు ఉండనే ఉంది. తెనాలి తీసుకెళితే డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించి షుగరని చెప్పారు. మందులు వాడుతూ తిండి సగానికి తగ్గించకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందనీ, అప్పటికీ లొంగకపోతే పాదం సంగతి కూడా చెప్పలేమనీ అన్నారు. రోజూ పొద్దున్నే లేచి చేలో నీళ్ళు ఎంతున్నాయో చూసొస్తేగానీ కాఫీ తాగని మనిషి. ఇంటికొచ్చాక నులకమంచం మీద కూచుని కట్టు వంకే చూసుకుంటూ ఉండిపోయాడు.

డాక్టరుగారు రాసిచ్చిన కాగితాన్ని అమ్మ వంటింటి గోడకి క్యాలెండరు పక్కన అతికించింది. అమ్మ చాదస్తపు మనిషి కాదు, భయపడింది, అంతే. బియ్యం కొలిచే పాత సోల ఒకటి తీసి, పూటకి సోలెడన్నం అని కొలిచి తాతయ్య కంచంలో బోర్లించేది. అది పిల్లలు తడి ఇసకతో కట్టిన గూడులా నిలబడేది. పక్కన ఉప్పు తగ్గించిన ఉడికిన కూర. మారు అడగడానికి వీల్లేదని నాయనమ్మకి గట్టిగా చెప్పేసింది. అడిగితే మావయ్యగారికి ఆశ పుడుతుంది అత్తయ్యా అంది. నాయనమ్మ ఖాళీ చేతుల్తో గుమ్మం దగ్గర నిలబడేది. తాతయ్య ఆ గూడుని పక్కనించి కొంచెం కొంచెం తవ్వి తిని, సగంలో లేచిపోయేవాడు. కళ్ళు మూసుకుని ముద్ద కలపడం పూర్తిగా మానేశాడు.

నడక మంచిదని డాక్టరుగారన్నారు కదా, సాయంత్రాలు చెప్పులేసుకుని నెమ్మదిగా తెనాలి వైపు నడిచేవాడు, తోడుగా నేను. ఆ నడక ఎక్కడిదాకా అంటే బెల్లం జిలేబీల బండి దాకా. తెనాలి వాళ్ళకి ఆ జిలేబీ గురించి చెప్పక్కర్లేదు. నల్లగా నిగనిగలాడుతూ, కొరికితే వేడి పాకం గడ్డం దాకా కారుతుంది. పొట్లం విప్పి తాతయ్య నాలుగు తినేవాడు, నాకొకటిచ్చేవాడు. డాక్టరు మానమంది పంచదారేగానీ బెల్లం ఊసెత్తలేదుగా అని నాకు సర్దిచెప్పేవాడు. అది సర్దిచెప్పుకోవడం అని పదేళ్ళదాన్ని నాకే తెలుస్తుంటే ఆయనకి తెలియదా! ఒకరోజు ధైర్యం చేసి, “ఇక్కడింత ఇష్టంగా తింటావు, మరి ఇంట్లో అన్నం ఎందుకు వదిలేస్తావు తాతయ్యా?” అనడిగాను. ఆయన వేళ్ళకంటిన పాకం కాగితానికి తుడుచుకుంటూ, “ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగట్లేదే బుజ్జీ. వద్దు అనాలంటే ముందు ఎవరన్నా అడగాలి కదా!” అన్నాడు.

నాకు ఆ మాట సరిగా అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే. వారం తిరిగేసరికి కట్టు మార్చేటప్పుడు ఆ వేలు ఇంకా నల్లబడి కనిపించింది, అమ్మ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. జిలేబీ తిన్న నా నోరు నాకే చేదనిపించింది. తాతయ్య కాలు పోతే అందులో నా వంతు కూడా ఉంటుందన్న భయంతో, పెరట్లో తోటకూర తుంచుతున్న నాయనమ్మ పక్కన చేరి ఉన్నదంతా చెప్పేసి ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఎన్ని తింటున్నాడే?”

“నాలుగు.”

“ఇంకేమన్నాడు?”

వద్దనాలంటే ముందు ఎవరన్నా అడగాలన్న మాట కూడా చెప్పాను. ఆవిడ చేతిలోని కాడ పక్కన పడేసి లేచింది. మర్నాడు పొద్దున్నే అన్నం వడ్డించే మా పెద్ద హస్తాన్ని పాతచీర ముక్కలో చుట్టుకుని, నన్ను వెంటేసుకుని తెనాలి బస్సెక్కింది. ఇత్తడి సామాను చేసే కొట్లో అరుగు మీద కూచుని, హస్తాన్ని వాళ్ళ ముందుపెట్టి, పిడి ఇదే పొడుగు ఉండాలి, వంపు ఇలాగే ఉండాలి, అన్నం పట్టే చోటు మాత్రం సగం ఉండాలి అంది. “పిల్లలాడుకోడానికామ్మా?” అనడిగాడు కొట్టతను. “కాదు నాయనా, పెద్దాయనకి” అంది నాయనమ్మ.

వారం తర్వాత అది ఇంటికొచ్చింది. అమ్మ ఎదురుగానే నాయనమ్మ ఆ హస్తంతో నాలుగుసార్లు అన్నం తీసి సోలలో పోసింది. ముందు వడ్డన, తర్వాత మూడు మార్లు, అన్నీ కలిపితే సోల అంచుకి సరిగ్గా వచ్చింది. “నీ లెక్క తప్పలేదుగా? ఇక నా వడ్డన నన్ను చెయ్యనీ” అంది. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. నాయనమ్మ తన మోకాళ్ళ నొప్పులవల్ల తిరిగి తిరిగి వడ్డించే పని నాకప్పగించింది, ఏం చెయ్యాలో నేర్పింది, మీ తాతయ్యతో అన్నావంటే ఊరుకోనని చెవి మెలిపెట్టింది.

ఆ పూట నుంచి కంచంలో ముందు అన్నం పడేది కాదు. తోటకూర వేపుడో, చిక్కుడుకాయ కూరో, పొట్లకాయ పెసరపప్పో ముందు దండిగా పడేవి, అదీ చప్పిడిగా కాదు, వెల్లుల్లి వేసి కమ్మగా తాలింపు పెట్టినవి. ఆ తర్వాత చిన్న హస్తంతో అన్నం. వేళ్ళ కొసలకి తగిలేంత నెయ్యి. చివర చిలికిన పల్చటి మజ్జిగ. నేను మొదటిసారి “మారు వెయ్యనా తాతయ్యా?” అన్నప్పుడు ఆయన చటుక్కున తలెత్తి నా వంకా, గుమ్మంలో ఉన్న నాయనమ్మ వంకా చూశాడు. తలూపాడు. రెండోసారికి వేళ్ళు దగ్గరికి చేర్చాడు. మూడోసారికి చెయ్యి అడ్డం పెట్టి, “చాలమ్మా, చాలు. కడుపు నిండిపోయింది” అన్నాడు. ఆ చెయ్యి చూసి నాయనమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. జిలేబీని కూడా ఆవిడ వెలి వెయ్యలేదు. ఆదివారం ఒక్కటి తెప్పించి, సగం తుంచి కంచం పక్కన పెట్టి, “ఇంకో సగం వెయ్యనా?” అని తనే అడిగేది. ఆయన ఎక్కువసార్లు వద్దనేవాడు. ఆ సగం ఎవరికి దక్కేదో వేరే చెప్పాలా!

మందులూ కట్టూ నడకా ఎలాగూ ఉన్నాయి. వేసవి సెలవులొచ్చేసరికి ఆ వేలి చుట్టూ నలుపు తగ్గి, లోపల్నించి గులాబీరంగు చర్మం రావడం మొదలైంది. సరిగ్గా అప్పుడు రేపల్లె నుంచి నాయనమ్మ తమ్ముడొచ్చాడు. నేనాయన్ని రేపల్లె తాతయ్య అనేదాన్ని. ప్యాసింజరు రైలు దిగి, తడిగోనెలో చుట్టిన రొయ్యలతో, చంకలో తాటిముంజల గెలతో, వీధి మొదట్లోంచే “అక్కా” అని కేకేస్తూ వచ్చే మనిషి. తిండిలో మా తాతయ్యకి సాటి రాగలిగినవాడు ఆయనొక్కడే. మామిడికాయ వేసిన రొయ్యల ఇగురు వాసన ఆ మధ్యాహ్నం ఇల్లంతా పరుచుకుంది. బావాబావమరుదులిద్దరికీ అరిటాకులు వేశారు. చుట్టానికి పెద్ద హస్తంతో ముందు వడ్డించి, లోపలికొచ్చి చిన్నది తీసుకెళ్ళి తాతయ్యకి వడ్డించాలని నాయనమ్మ నాకు రెండుసార్లు చెప్పింది.

నేను మర్చిపోయాను. రెండు నెలల అలవాటున చెయ్యి చిన్న హస్తం మీదికే పోయింది. రేపల్లె తాతయ్య ఆకులో గుప్పెడన్నం వేసి, ఎంతో మర్యాదగా పక్కకి జరిగాను. చుట్టానికి పిసినారి వడ్డన చెయ్యడమంటే మా వైపు ఎంత తలవంపో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన ఆకు వంక చూశాడు, నా చేతి వంక చూశాడు, గట్టిగా నవ్వాడు.

“ఏంటక్కా ఇది! మీ ఇంట్లో హస్తం కూడా పథ్యం చేస్తోందా?”

గుమ్మంలో నాయనమ్మ మొహం పాలిపోయింది. లోపల అమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఇక తాతయ్యకి మోసం తెలిసిపోయింది, ఆకు ముందు నుంచి లేచిపోతాడు, మళ్ళీ జిలేబీల బండి దగ్గరికి పోతాడు, ఆ మానుతున్న వేలు పోతుంది అనుకున్నాను. తాతయ్య ఆ హస్తాన్ని ఓసారి, నాయనమ్మని ఓసారి చూశాడు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

“రెండు నెల్ల నించీ చేస్తోంది బామ్మర్దీ, నాకు తోడుగా” అన్నాడు. “హస్తం తగ్గితే తగ్గింది, అడగడం తగ్గలేదు మా ఇంట్లో. నీకు చాలకపోతే ఆరుసార్లు వేయించుకో. అడుగమ్మా బుజ్జీ, మీ తాతని మారు అడుగు.”

రేపల్లె తాతయ్య నిజంగానే ఆరుసార్లు వేయించుకున్నాడు. ప్రతిసారీ అడిగించుకుని, తలూపి, మా తాతయ్యతో పరాచికాలాడుతూ తిన్నాడు. మా తాతయ్య మూడోసారికి ఎప్పట్లాగే చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకొచ్చినప్పుడు నాయనమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ అడిగిన మాట, బావి పక్కన అంట్లు సర్దుతున్న నా చెవిన పడింది.

“ఎప్పుడు తెలిసింది మీకు?”

“మొదటిరోజే. నలభై ఏళ్ళ నించీ నీ వడ్డన తింటున్నా, హస్తానికి ఎన్ని ముద్దలో తెలీదనుకున్నావా?”

“మరి అనలేదేం?”

“అంటే మళ్ళీ ఆ సోలొస్తుందని భయం.”

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. నీళ్ళు ఆయన చేతుల మీంచి కాక పాదాల మీద పడుతున్నాయి. ఆవిడ చూసుకోలేదు, ఆయన చెప్పలేదు.

మా తాతయ్య ఆ తర్వాత ఎన్నో పంటలు చూశాడు. నా పెళ్ళిలో పంక్తుల మధ్య కర్ర పట్టుకుని తిరుగుతూ అందరికీ మూడుసార్లు అడిగారా లేదా అని కాపలా కాశాడు. ఆఖరికి నిండు వయసులో, కాళ్ళకున్న పది వేళ్ళతోనే వెళ్ళాడు. ఆ చిన్న హస్తాన్ని నాయనమ్మ నాకిచ్చింది. ఎందుకిస్తోందో అప్పుడు తెలియలేదు, జ్ఞాపకానికనుకుని అటక మీద పెట్టాను. ఇష్టమైనదాన్ని ఇష్టంగా తింటూనే ఒంటిని కాపాడుకోవచ్చని నాకు ఏ కాగితమూ చూపించకుండా నేర్పిన ఆ ఇద్దరికీ ఇన్నేళ్ళకి దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో టేబుల్ ఉంది, దాని మధ్య మూతపెట్టిన హాట్‌ప్యాక్ ఉంది, ఎవరికి కావాల్సింది వాళ్ళం పెట్టుకుంటాం. గోంగూర ఏడాది పొడుగునా దొరుకుతోంది, జిలేబీ ఫోన్ చేస్తే ఇంటికొస్తోంది, రొయ్యలు ఒలిచి మరీ అమ్ముతున్నారు. తిండికేం లోటు రాలేదు. పీటలు పోయాయి, కుంపటి పోయింది, సోలని చూపిస్తే ఇదేమిటని అడిగే పిల్లలొచ్చారు. అన్నిటికంటే ముందు పోయింది ఏమిటంటే, తినే మనిషి పక్కన హస్తం పట్టుకుని నిలబడే మనిషి. తూచుకుని పెట్టుకున్న అన్నం ముందు కూచుంటే నన్ను అడిగేవాళ్ళు లేరు, అందుకని వద్దనే అవకాశమూ లేదు. ఆ పది రోజులూ నాకు అంతుబట్టని లోటు అదేనని తెలిసి, ఇంత వయసొచ్చాక తాతయ్య మాట అప్పటికి అర్థమైంది.

ఆ ఆదివారం తోమిన హస్తాన్ని తుడిచి మా ఆయన చేతిలో పెట్టాను. “ఇవాళ మీరు వడ్డించండి. మూడుసార్లు అడగాలి” అన్నాను. “ఏంటోయ్ ఈ వేళాకోళం?” అని విసుక్కున్నారు గానీ లుంగీ పైకి కట్టి, పెళ్ళిలో మొదటిసారి వడ్డనకి దిగిన కుర్రాడిలా బెదురుగా నిలబడ్డారు. ముందు తోటకూర వేపుడు, తర్వాత అన్నం, పప్పు, కాస్త గోంగూర, వేలి కొసకి తగిలేంత నెయ్యి. తిన్నాను. “మారు వెయ్యనా?” అన్నారు. తలూపాను. మళ్ళీ అడిగారు. రెండు వేళ్ళు దగ్గరికి చేర్చి చూపించాను. మూడోసారి అడిగేటప్పుడు ఎవరూ నేర్పకుండానే ఆయన గొంతు కొంచెం తగ్గింది. “ఇంకొక్కటి వేసుకోవోయ్” అన్నారు.

నిజం చెప్పాలంటే ఇంకో నాలుగు ముద్దలు హాయిగా పట్టేవి. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, “చాలండీ, చాలు” అన్నాను. హస్తంలోని అన్నం ఆవిరి నా చేతికి వెచ్చగా తగిలింది. ఆ పదిరోజుల్లో మొదటిసారి నాకు కడుపు నిండింది.